టెన్నిస్ బంతి నేర్పిన యార్కర్

రంజాన్ రాత్రుల్లో హైదరాబాద్ పాతబస్తీ నిద్రపోదు. తరావీ నమాజు ముగిశాక మైదానాల్లో, కాస్త వెడల్పున్న గల్లీల్లో లైట్ల కింద టెన్నిస్ బంతి ఆట మొదలవుతుంది. ఆ బంతికి పైకి తేలిన కుట్టు లేదు, బరువు లేదు. బౌలర్‌కు దిక్కల్లా పరుగు, భుజం, మణికట్టు. కొంచెం పొట్టిగా పడిందా, పక్కింటి డాబా మీదే వెతుక్కోవాలి. అందుకే ఇక్కడి కుర్రాళ్లకు యార్కరే ప్రాణం: బంతి సరిగ్గా బ్యాటర్ కాలి వేళ్ల దగ్గర పడాలి.

భారత ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ చదివిన బడి ఈ టెన్నిస్ బంతి ఆటే. పుట్టింది 1994 మార్చి 13న. పెరిగింది మూసీకి ఉత్తరాన, ఫస్ట్ లాన్సర్ వైపు. తండ్రి ఆటో నడిపేవారు. సిరాజ్ చేతికి తోలు బంతి వచ్చేసరికి ఇరవయ్యేళ్లు దాటాయి. ఎత్తు సుమారు ఐదడుగుల పది అంగుళాలు. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ జోయెల్ గార్నర్ ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, ఆయన బంతి తాటిచెట్టు మీంచి దిగినట్టుండేది. సిరాజ్‌కి ఆ వరం లేదు. పైగా మనది స్పిన్నర్ల ఊరు: గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓజా. అలాంటి హైదరాబాద్ తరఫున 2016-17 రంజీలో ఈ ఫాస్ట్ బౌలర్ 18.92 సగటుతో 41 వికెట్లు తీశాడు.

అతని అసలు విద్య వాబుల్ సీమ్. మామూలుగా రెండు వేళ్లూ కుట్టు మీద దగ్గరగా పెట్టి, మణికట్టును వెనక నిలిపి వదిలితే బంతి వెనక్కి తిరుగుతూ కుట్టు నిటారుగా వెళుతుంది. వాబుల్ సీమ్‌లో వేళ్లు కొంచెం ఎడంగా ఉంటాయి, ఆ తిప్పు తగ్గుతుంది, కుట్టు ఊగుతూ పోతుంది. నేలకు కుట్టు తగిలితే బంతి పక్కకు తిరుగుతుంది, తోలు తగిలితే నేరుగా దూసుకుపోతుంది. ఏది తగులుతుందో వేసినవాడికే తెలియదు. ఇక బ్యాటర్ అతని చెయ్యి చూసి ఏం పసిగడతాడు!

2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. నాకు మాత్రం ఇంకో లెక్క గొప్పది: ఆ సిరీస్‌లో అతను వేసిన బంతులు 1,113. ఓవల్‌లో చివరి టెస్టులో, ఆగస్టు 3న ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి కూడా బౌండరీ గీత తొక్కేశాడు. 19 దగ్గర బతికిపోయిన బ్రూక్ 111 కొట్టాడు. ఆ రాత్రి సిరాజ్‌కి ఎలా గడిచిందో తలుచుకుంటేనే నా గుండె బరువెక్కుతుంది.

మర్నాడు గెలవడానికి ఇంగ్లండ్‌కు కావలసింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. స్మిత్, ఒవర్టన్ సిరాజ్‌కే దొరికారు. చివరికి ఏడు పరుగులు మిగిలాయి. అవతలి కొసన వోక్స్, ఒక చెయ్యి కట్టుతో. స్ట్రైక్‌లో అట్కిన్సన్. ఆ ఇన్నింగ్స్‌లో సిరాజ్‌కి అది 31వ ఓవర్, మొదటి బంతి. యార్కరే వేశాడు. ఆఫ్ స్టంప్ లేచిపోయింది.