బూట్లు సరే, కుట్టేవాడో?

రిమార్క్ నవల ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ (1929) మాటొస్తే కెమరిక్ బూట్లే అందరికీ గుర్తు. చచ్చినవాడి బూట్లు ముల్లర్‌కి, అతనూ పోయాక పాల్‌కి. నిజమే, కడుపులో దేవేసే సంగతి. మాకు మాత్రం కాట్ కనిపించాడు. నలభై ఏళ్ల మనిషి. చెప్పులు కుట్టేవాడనుకుంటా అని పాల్ ఒక్క ముక్క అనేసి ముందుకెళ్లిపోతాడు. తోలుపని ఇళ్ల నుంచి వచ్చిన మేం అక్కడే ఆగాం. తిండి వెతికేది, బడి పిల్లల్ని బతికించేది ఆ మనిషే. వాళ్లని యుద్ధానికి ఎగదోసింది కాంటొరెక్ పంతులు! చదువే గట్టెక్కిస్తుందని నమ్మి యూనివర్సిటీ దాకా వచ్చిన మనం, ఆ చదువు ఎవరి చేతిలో ఉందో అడగకుండా ఈ నవల చదవలేం. పెద్దవాళ్లకి పెళ్లాం, పని ఉన్నాయి, పాడైంది తమ తరమేనంటాడు పాల్. పెళ్లాం ఫొటో జేబులో పెట్టుకున్న కాట్, పాల్ మోసుకెళ్తుండగానే అతని వీపు మీద చచ్చిపోయాడు.