పడవకు దూరంగా, చేపకు దగ్గరగా

వేసవిలో ఈరీ సరస్సు నీళ్లు తేటపడ్డ రోజున, పడవ వస్తోందంటే పైపొరల్లో తిరిగే వాలై చేప పక్కకి తప్పుకుంటుంది. ఇంజను చప్పుడు, మీద పడే నీడ దానికి ముందే తెలుస్తాయి. పడవ వెనకే నేరుగా గాలం లాక్కుంటూ పోతే, ఎర చేరేసరికి చేప అక్కడ ఉండదు. పోయినా ఎంతో దూరం పోదు. ఎడమకో కుడికో యాభై అడుగులో, నూరు అడుగులో జరిగి మళ్లీ మేతలో పడుతుంది. ఎరను కూడా అక్కడికే పంపాలి. ప్లానర్ బోర్డు పుట్టింది అందుకే.

చూడ్డానికి అదేమంత గొప్ప వస్తువు కాదు. దాదాపు అడుగు పొడవుండే తేలే పలక. ముందు అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది. నిలువుగా తేలడానికి అడుగున కాస్త బరువు, దారం పట్టుకోవడానికి రెండు క్లిప్పులు, దూరం నుంచి కనపడడానికి వెనక ఒక చిన్న రంగు జెండా. పడవ ముందుకి లాగుతుంటే ఆ ఏటవాలు అంచు మీద నీటి ఒత్తిడి పడి బోర్డును పక్కకి తోస్తుంది. గాలిపటం గాలిలో చేసే పనినే ఇది నీటి మీద చేస్తుంది. దారం ఎంత వదిలితే అంత దూరం జరుగుతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ల వెనక వేలాడే బరువైన ఓటర్ బోర్డులను చూసినవాళ్లకి ఈ సూత్రం కొత్త కాదు. అవి చెరో పక్కకి జరిగి వల నోరు తెరిచి ఉంచుతాయి. ఇక్కడ వల ఉండదు. ఒక్కో బోర్డు ఒక్కో గాలాన్ని పక్కకి తీసుకుపోతుంది, అంతే.

ఉత్తర అమెరికాలోని అయిదు మహాసరస్సుల్లో ఈరీయే అన్నిటికంటే లోతు తక్కువది. వైశాల్యం 25,700 చదరపు కిలోమీటర్ల దాకా ఉన్నా సగటు లోతు 62 అడుగులే. టొలీడో వైపు పడమటి భాగంలో సగటున 24 అడుగులు. లోతు లేదు కనక నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, మేత పెరుగుతుంది, చేప పెరుగుతుంది. వసంతంలో వాలై చేపలు మామీ, శాండస్కీ నదుల్లోకి, పడమటి భాగంలోని రాతి దిబ్బల మీదికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ తరవాత పెద్దవి చాలావరకు తూర్పుకి కదులుతాయి. వేసవికి క్లీవ్‌లాండ్ ఎదురుగా, ఇంకా అవతల పెన్సిల్వేనియా నీళ్లలో ఉంటాయి. చలి మొదలయ్యాక మళ్లీ పడమటికి తిరుగుతాయి. వాలై కంటి లోపల వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. మసక వెలుతురులోనూ చూసి వేటాడగలదు, పట్టపగటి ఎండ మాత్రం దానికి గిట్టదు.

చాలా సరస్సుల్లో ఈ చేప అడుగు పట్టుకుని ఉంటుంది. ఈరీలో అలా కాదు. ఎమరాల్డ్ షైనర్, షాడ్, స్మెల్ట్ లాంటి చిన్న చేపల గుంపులను తరుముతూ నడినీటిలో తిరుగుతుంది. మధ్య భాగంలో వేసవి చివరికి అడుగునీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు అడుక్కి దిగుదామన్నా చేపకి వీలుండదు. కనక ఇక్కడ వేటగాడు తేల్చుకోవాల్సినవి రెండు: చేప ఎంత లోతులో ఉంది, ఎంత వెడల్పున చెదిరి ఉంది. లోతు సంగతి ఎర, దారం చూసుకుంటాయి. వెడల్పు సంగతి బోర్డు చూసుకుంటుంది.

ఈ పద్ధతి ఇక్కడ ఇంతగా ఎందుకు పాతుకుందో తెలియాలంటే సరస్సు పడ్డ కష్టం తెలియాలి. ఒకప్పుడు ఈరీలో బ్లూ పైక్ అనే చేప ఉండేది. వాలైకి దగ్గరి చుట్టం. వలల వాళ్లు దాన్ని లెక్కలేనంత పట్టారు. 1950ల చివర అది ఒక్కసారిగా కుప్పకూలింది. 1983లో అంతరించిపోయిందని అధికారికంగా తేల్చేశారు. 1969లో క్లీవ్‌లాండ్ దగ్గర ఈరీలో కలిసే కయహోగా నది మీది చమురు తెట్టు అంటుకుని మండింది. 1970లో చేపల్లో పాదరసం బయటపడి వాలై వేట ఆపేశారు. 1972లో అమెరికా, కెనడా నీటి నాణ్యత ఒప్పందం చేసుకుని సరస్సులో కలిసే భాస్వరానికి కళ్లెం వేశాయి. ఒహాయో ఆ తరవాత వాలైని వలల వాళ్లకి వదల్లేదు, గాలానికే ఉంచింది. అవతలి గట్టున ఒంటారియోలో వలలున్నాయి, కోటా ప్రకారం. ఆ కోటాను ఒంటారియోతో పాటు నాలుగు అమెరికా రాష్ట్రాలూ కలిసి కూర్చుని ఏటా నిర్ణయిస్తాయి. చేప తిరిగి వచ్చింది. 1982లో పుట్టిన పిల్లల మంద ఆ తీరం రాతనే మార్చింది. తరవాత 2003, 2015, 2018 కూడా అలాంటి ఏళ్లే.

చేప తిరిగి వచ్చిన ఆ తొలి రోజుల్లో చాలామంది ఇంజను ఆపేసి గాలికి కొట్టుకుపోతూ, ముందు బరువున్న స్పిన్నరుకి వానపామును గుచ్చి విసిరేవారు. నీళ్లు మసకగా ఉండేవి, చేప పడవ కిందికే వచ్చేది. 1980ల చివర ఓడలు బరువు కోసం నింపుకొచ్చే నీళ్లతో జీబ్రా ఆల్చిప్పలు వచ్చిపడి, నీటిని వడగట్టి తేటపరిచాయి. తేటనీళ్లలో చేప బెదురు పెరిగింది, చెదిరిపోయింది. మహాసరస్సుల్లో సాల్మన్, ట్రౌట్ కోసం బోర్డులు అంతకుముందే వాడుతున్నారు. వాలై వేటగాళ్లు వాటిని అందుకున్నారు. మారిన నీళ్లను చదువుకుని ఆ మనుషులు ఇచ్చిన జవాబు ఇది. అందుకే నాకీ పద్ధతి మీద ఇంత గౌరవం.

ఇక పని ఎలా సాగుతుందో చూద్దాం. ఒకరు స్టీరింగ్ దగ్గర, ఇద్దరు వెనక. ముందు ఎరను పడవ పక్కనే నీళ్లలో వేసి చూస్తారు. తిన్నగా ఆడుతోందా, ఒక పక్కకి పోతోందా? పక్కకి పోతుంటే మూతి దగ్గర దారం కట్టే రింగును వెంట్రుకవాసి వంచి సరిచేస్తారు. తరవాత దారం వదులుతారు. రీలు మీద అడుగులు చూపే అంకెలుంటాయి. అనుకున్న అంకె వచ్చాక ఆపి, బోర్డు క్లిప్పులు దారానికి బిగిస్తారు. వెనక క్లిప్పు గట్టిది కావాలి, లేకపోతే అలల్లో బోర్డు ఊడి సరస్సు పాలవుతుంది. బోర్డును నీళ్లలో పెట్టి మళ్లీ దారం నెమ్మదిగా వదులుతారు. తొందరపడి వదిలేస్తే అది మూతి ముంచి దొర్లుతుంది. ఒద్దికగా వదిలితే నిటారుగా నిలబడి పక్కకి సాగిపోతుంది. మొదటిది అన్నిటికంటే దూరం, రెండోది దానికి లోపల, మూడోది ఇంకా లోపల. రెండు పక్కలా ఇలా వేస్తే పడవ రెండు వందల అడుగుల వెడల్పున సరస్సును దువ్వుకుంటూ పోతుంది.

చేప పడిందని చెప్పేది రాడ్ కాదు, బోర్డు. వరసలో నడుస్తున్న బోర్డు ఉన్నట్టుండి వెనక్కి జారి అక్కడే ఉండిపోయిందంటే మంచి చేప. అల మీద ఎక్కి దిగినప్పుడూ వెనక్కి ఊగుతుంది గానీ వెంటనే తన చోటికి వచ్చేస్తుంది. చిన్న పెర్చ్ చేపో, పిల్ల వాలైయో పడితే పక్కవాటి కంటే రెండు మూడు అడుగులు మాత్రం వెనకబడి, ఏదో బరువు మోస్తున్నట్టు నడుస్తుంది. కొక్కానికి నాచు చుట్టుకున్నా అంతే. ఈ తేడా కనిపెట్టడమే అసలు విద్య. కనిపెట్టలేకపోతే చచ్చిన ఎరను గంటసేపు లాక్కుంటూ తిరుగుతారు. కొందరు జెండాను స్ప్రింగుకు కడతారు, బరువు పడగానే అది వాలిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు బోర్డు నడకే చూస్తారు.

చేప పడ్డాక పడవ ఆపకూడదు. ఆపితే దారాలన్నీ వదులై చేప వదిలించుకుంటుంది, మిగతా బోర్డులు ఒకదానిలో ఒకటి చిక్కుపడతాయి. కాస్త వేగం తగ్గిస్తారు. చేప బరువుకి బోర్డు తనే వెనక్కి, పడవ మధ్యకి వస్తుంది కనక లోపలి దారాలకి తగలదు. చుట్టేవాళ్లు రాడ్ కొస ఎత్తి ఉంచి, ఆగకుండా ఒకే తీరుగా చుట్టాలి. బోర్డు చేతికందే దూరంలోకి రాగానే రెండోవాళ్లు క్లిప్పులు విప్పేస్తారు. ఆ రెండు సెకన్లలోనే ఎక్కువ చేపలు పోతాయి. చేప ఇంకా నూరు అడుగుల వెనకే ఉంటుంది మరి. పడవ దగ్గరికి వచ్చాక చేతివలను తల వైపు నుంచి పెట్టి ఎత్తాలి, తోక వైపు నుంచి కాదు. ఖాళీ అయిన చోటికి లోపలి బోర్డులను జరిపి, కొత్త దారం లోపల వేస్తారు.

పెద్ద అలలకి ఇంకో పద్ధతి ఉంది. పడవ ముందు భాగంలో స్తంభం పాతి, దానికి తాళ్లతో పెద్ద బోర్డులు కడతారు. గాలాలను ఊడిపోయే క్లిప్పులతో ఆ తాడు మీదికి జార్చుతారు. చేప లాగగానే క్లిప్పు వదిలేస్తుంది, బోర్డు బరువు లేకుండా చేపతోనే పెనుగులాట. ఆ హాయి వేరు. కానీ ప్రతి బోర్డు నడకనూ చదవడంలో ఉన్న పాఠం అందులో తక్కువ, అందుకే నా ఓటు చిన్న బోర్డులకే.

లోతు లెక్క మాత్రం ఓపిగ్గా నేర్చుకోవాలి. లోతుకి దూకే క్రాంక్‌బెయిట్, అంటే చిన్న చేపలా చేసిన ఎర, ఎంత లోతు పోతుందన్నది వదిలిన దారం పొడవు మీద, దారం మందం మీద ఆధారపడుతుంది. ఏ ఎర ఎన్ని అడుగుల దారానికి ఎంత దిగుతుందో కొలిచి గీసిన పట్టికలతో ‘ప్రిసిషన్ ట్రోలింగ్’ అనే పుస్తకమే వచ్చింది, ఈ వేటగాళ్ల పడవల్లో అది ఉండేది. తిరిగే రేకు, కొక్కాలు ఉన్న దారానికి వానపామును గుచ్చే హార్నెస్‌కి లోతు తనంతట రాదు. యాభై అడుగుల దారం వదిలి, ఊడదీయగల బరువు తగిలించి, ఇంకో యాభై వదిలి బోర్డు కడతారు. హార్నెస్‌కి గంటకు మైలు నుంచి మైలున్నర వేగం చాలు, దాని రేకు మెల్లగా తిరగాలి. క్రాంక్‌బెయిట్లకి రెండు మైళ్ల దగ్గర. వాలై కన్ను పైకి చూస్తుంది కనక, ఎర చేపకంటే కొంచెం పైన నడిస్తే నష్టం లేదు. కింద నడిస్తే వృథా.

వేగం సరిపోయిందా అన్నది మలుపు చెబుతుంది. పడవ ఎడమకి తిరిగితే కుడి పక్క బోర్డులు వేగం పుంజుకుంటాయి, ఎడమవి నెమ్మదిస్తాయి. చేపలు బయటి వైపే పడుతుంటే వేగం పెంచాలి, లోపలి వైపు పడుతుంటే తగ్గించాలి. సోనార్ తెర పడవ కింద ఉన్నదే చూపిస్తుంది. పైపొరల్లో ఉన్న చేప పడవకి బెదిరి తప్పుకుంటే ఆ తెర ఖాళీగా కనపడుతుంది. అలాంటి రోజున సరస్సు గురించి చెప్పగలిగేవి ఆ బోర్డులే. ఒక్కో దారాన్ని ఒక్కో లోతులో పెట్టి, ఏది కొట్టిందో రాసుకుని, మిగతావాటినీ దాని లెక్కకి మారుస్తూ పోతే మధ్యాహ్నానికి ఆ నీళ్లు అర్థమవుతాయి.

ఇప్పుడు ముందుకి చూపించే సోనార్లు వచ్చాయి. ఒక్కో చేపను తెర మీద చూసి దాని ముందే ఎర వేసేవాళ్లున్నారు. అది ఒంటరి నైపుణ్యం, తప్పుపట్టను. బోర్డుల వేటకి మాత్రం జట్టు కావాలి. స్టీరింగ్ పట్టినవాళ్లు గాలిని చూడాలి, వెనకవాళ్లు క్లిప్పులు చూడాలి. అన్నిటికంటే చురుగ్గా బోర్డులను గమనించేది తరచూ పిల్లలే. ఎనిమిదేళ్ల పిల్ల “మూడోది వెనకబడింది” అని అరిస్తే పెద్దలు లేచి పరిగెత్తే పని ఇది.

సరస్సు ఇంకా గండం గట్టెక్కలేదు. 2014 ఆగస్టులో పొలాల ఎరువులు పెంచిన నాచు విషం వల్ల టొలీడో ప్రాంతంలో దాదాపు 5 లక్షల మందికి కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. అందుకే పట్టే చేపల మీద పెట్టిన అంగుళాల లెక్క, రోజువారీ లెక్క ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఒహాయో నీళ్లలో ఇటీవలి ఏళ్లలో ఒకరికి రోజుకు 6 వాలైలు, 15 అంగుళాలకి తగ్గితే తిరిగి నీళ్లలోకే.

క్లీవ్‌లాండ్, టొలీడో, డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకి ఈ సరస్సు గంట ప్రయాణం లోపే. వాలై మాంసం తెల్లగా, నీచువాసన లేకుండా ఉంటుంది. ఫిల్లే తీసి ముళ్ల వరస కోసేస్తే పిల్లలకీ భయం లేదు. పులుసుకి తలా ముల్లూ ఉన్న చేపే బాగుంటుంది గనక దీన్ని అల్లం వెల్లుల్లి, కారం పట్టించి పెనం మీద వేయించుకోవడం మేలు. వెళ్లాలనుకుంటే ముందు లైసెన్సు, తరవాత పోర్ట్ క్లింటన్ దగ్గరో వర్మిలియన్ దగ్గరో ఒక చార్టర్ పడవ. పడవ ఎక్కగానే కెప్టెన్‌ని ఒక్కటి అడగండి: చేప పడ్డప్పుడు రాడ్ చేతికివ్వడంతో సరిపెట్టకుండా, మొదటి బోర్డు మీ చేత వేయించమని.