కథకుడి పక్కన ఇద్దరు

బుర్రకథ చూసినవాళ్లకు ముందు గుర్తొచ్చేది నడుమ నిలబడ్డ కథకుడే. భుజాన తంబురా, కాళ్లకు గజ్జెలు, వేళ్లకు అందెలు, వేదికంతా ఆయనదే. కథలు రాస్తున్నకొద్దీ నా చూపు మాత్రం ఆయనకు అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతల మీదికి పోతోంది. కథ చెప్పే నేర్పులో సగం వాళ్ల దగ్గరే ఉంది.

వంతల్లో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. మొదటివాడు ఏమీ ఎరగనట్టు అడ్డుప్రశ్నలు వేస్తాడు. రెండోవాడు పాతకథలోని అన్యాయాన్ని తెచ్చి నేటి ఊరికి ముడిపెడతాడు. ఎదురుగా కూర్చున్న జనానికి రాబోయే అనుమానం వంత నోట ముందే వచ్చేస్తుంది. దానికి జవాబు చెబుతూనే కథకుడు కథను ముందుకు నడుపుతాడు. దృష్టికోణం, సంభాషణ, వ్యాఖ్యానం అని సాహిత్య పాఠాల్లో విడివిడిగా చెప్పేవన్నీ అక్కడ ఒకేసారి పనిచేస్తుంటాయి.

నడక సంగతీ అంతే. పాటలో పదేళ్లు ఒక్క చరణంలో దాటిపోతాయి. వచనంలోకి దిగాడంటే ఒక్క మాట దగ్గర, ఒక్క చూపు దగ్గర ఆగిపోతాడు. అల్లూరి సీతారామరాజు కథే చెబుతున్నాడనుకోండి, ఆ వీరుడు 1924లో నేలకొరుగుతాడని వినేవాళ్లందరికీ తెలుసు. అయినా ఎవరూ లేచి వెళ్లరు. ఏం జరుగుతుందన్న ఆత్రం కాదు వాళ్లది. తెలిసిన ముగింపు దగ్గరికి ఈ కథకుడు తమను ఏ దారిన తీసుకెళ్తాడో చూడాలని.

ఈ కళను వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి వేదికల మీద జనం గొంతుగా మార్చిన షేక్ నాజర్‌ది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా తాడేపల్లిగూడెం కళాకారుడు మిరియాల అప్పారావుకు అదే గౌరవం 2025లో, ఆయన కన్నుమూశాక దక్కింది. బతికుండగా అందుకుని ఉంటే ఎంత బాగుండేదో!

వంతల విలువ నాకు బాగా తెలిసొచ్చేది కొల్లేరు గురించి రాయబోయినప్పుడు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలలో జ్ఞాపకం దారిన ఆ సరస్సు దగ్గరికి వెళ్లారు. పోయినదాన్ని బతికించి చూపడానికి జ్ఞాపకం గొప్ప సాధనం. కానీ ఈనాటి కొల్లేరు కథకు ఒక్క గొంతు చాలదనిపిస్తుంది. 1999లో నేల ఎత్తును చూపే ఐదో కాంటూరు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఈ మూడు ఏళ్లూ వరసగా చెబితే ప్రభుత్వం సరస్సును కాపాడిన కథ అవుతుంది.

అక్కడే రాజకీయ వంత అందుకోవాలి: 1970ల్లో సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వుకోమని ప్రోత్సహించింది ఎవరు? ఆ చెరువుల మీద లాభాలు చివరికి ఎవరి చేతికి చేరాయి? హాస్య వంత అమాయకంగా అడగాలి: బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే వరదంతా ఒక్క ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి కదా, మధ్యలో గట్లు కడితే సరస్సులోని లంక ఊళ్ల గతేంటి? దోనె మీద వల వేసుకుని బతికేవాడికి గట్లు ఉన్నప్పుడు ఏం మిగిలింది, కొట్టేశాక ఏం మిగిలింది? కొల్లేటి ఆటపాకలో వాలే గూడబాతుల గురించి ఎంత ప్రేమగా రాసినా, ఈ ప్రశ్నలను దాటేసిన కథ సగం కథే.

కొత్తగా రాస్తున్న పిల్లలు కథనపద్ధతుల గురించి అడిగితే నేను ఇదే చెబుతాను. చిత్తుప్రతి కాగానే ఇద్దరికి పైకి చదివి వినిపించండి. ఒకరు ఆ విషయం అసలు తెలియనివారు కావాలి, ఇంకొకరు ఆ కథలో నష్టపోయినవారి తరఫున మాట్లాడగలవారు. వాళ్లు ఆపిన ప్రతిచోటా ఆగి, జవాబు కథలోనే రాయండి. జవాబు దొరకని చోట ప్రశ్నను ప్రశ్నగానే ఉంచండి. పాఠకుడు మనల్ని నమ్మేది అక్కడే.