పాత కారు ఏసీలో లెక్క ఎక్కడ తప్పుతుంది

ఏసీ అమర్చిన ప్యాసింజరు కారును తయారీ సంస్థే అమ్మడం అమెరికాలో 1940 మోడల్ ప్యాకార్డ్‌తో మొదలైంది. 274 డాలర్లు అదనంగా చెల్లిస్తే లభించిన ఆ ఏర్పాటులో చల్లబరిచే కాయిల్ డిక్కీలో ఉండేది. కంప్రెసర్‌ను ఇంజన్ నుంచి విడదీసే క్లచ్ లేనందువల్ల, చలికాలంలో ఏసీ అక్కరలేని యజమాని బానెట్ ఎత్తి బెల్టునే ఊడదీయవలసి వచ్చేది. 1954లో న్యాష్ సంస్థ వేడినీ, చల్లదనాన్నీ, బయటి గాలినీ ఒకే యంత్రాంగంలోకి తెచ్చి, దానిని బానెట్ కిందా డాష్‌బోర్డు వెనకా ఇమిడ్చిన తరువాత, నేటి కారు ఏసీకి రూపురేఖలు ఏర్పడ్డాయి. ఆ తరం యంత్రాలను తిరిగి పనిచేయించే వృత్తి అమెరికాలో నేటికీ సజీవంగా ఉంది. అయితే ఆ పని ఫలితాన్ని చల్లని గాలి వస్తోందా లేదా అన్న ఒక్క పరీక్షతో తేల్చడం సరికాదు. కర్మాగారపు ఏసీలోని ప్రతి భాగమూ మిగతా భాగాల కొలతలను బట్టి తయారైనది కాబట్టి, ఒకదానిని మార్చినవారు తక్కిన లెక్కనంతా మళ్లీ చూసుకోవలసి ఉంటుంది.

ఆ లెక్కకు మూలసూత్రం సులభమే. చేతిమీద రాసిన స్పిరిట్ ఆరిపోతూ చర్మాన్ని చల్లబరిచినట్లే, కూలింగ్ కాయిల్‌లో ద్రవం ఆవిరి అవుతూ కారులోని గాలి నుంచి వేడిని గ్రహిస్తుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ అధిక పీడనానికి నొక్కి, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ వేడిని వదిలి తిరిగి ద్రవమైనది, తేమను పీల్చే రసాయనం నింపిన డ్రైయర్ అనే డబ్బా గుండా, సన్నని రంధ్రం గల ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి మళ్లీ కాయిల్‌ను చేరుతుంది.

1960ల జనరల్ మోటార్స్ కార్లను ఉదాహరణగా తీసుకుంటే, వాటిలో కనిపించే ఫ్రిజిడేర్ ఏ6 కంప్రెసర్ పదిహేను కిలోలకు పైబడిన బరువుతో, రెండు తలలున్న మూడు పిస్టన్లతో ఆరు సిలిండర్ల పని చేసే దృఢమైన యంత్రం. దానికి తరచుగా వచ్చే జబ్బు ముందువైపు షాఫ్టు సీల్ దగ్గర ఉంటుంది. కదలని సిరామిక్ వలయంపై కార్బన్ ముఖం ఆనుకుని తిరిగే ఆ చోట పలుచని నూనె పొర ఉన్నంతకాలమే గ్యాస్ నిలుస్తుంది. కారు నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ పొర ఆరిపోయి గ్యాస్ జారిపోతుంది. క్లచ్ పళ్లెం చుట్టూ, దానికి ఎదురుగా బానెట్ లోపలి రేకుపైనా నూనె చిమ్మిన చార కనిపిస్తే అనుభవజ్ఞుడైన మెకానిక్ గేజి తగిలించకముందే లీకేజీ ఎక్కడో చెప్పగలడు. పూర్వం దీనిని హాలైడ్ దీపంతో వెతికేవారు. క్లోరిన్ ఉన్న గ్యాస్ సోకగానే దాని మంట ఆకుపచ్చగా మారేది, కానీ ఆ మంటలో విషవాయువైన ఫాస్జీన్ కూడా పుట్టేది కనుక ఆ పద్ధతి పోవడమే మేలైంది.

కంప్రెసర్‌పై పెట్టే శ్రద్ధలో సగమైనా డాష్‌బోర్డు వెనక పెట్టెపై పెట్టకపోవడం ఈ రంగంలోని పెద్ద లోపమని చెప్పక తప్పదు. గాలిని కూలింగ్ కాయిల్ వైపో హీటర్ వైపో మళ్లించే తలుపులు ఆ పెట్టెలోనే ఉంటాయి. వాటిని ఇంజన్ నుంచి వచ్చే వాక్యూమ్, అంటే గాలి తీసివేత వల్ల కలిగే లాగుడు శక్తి, రబ్బరు పొర ఉన్న చిన్న డబ్బాల ద్వారా కదుపుతుంది. యాభై అరవై ఏళ్లలో ఆ రబ్బరు చిట్లుతుంది, తలుపుల అంచుల ఫోమ్ పట్టుకుంటే పొడిగా రాలుతుంది, అద్దం కింది జాలీలోంచి పడిన ఆకులు కాయిల్ మీద కుళ్లి నీరు పోయే గొట్టాన్ని మూసేస్తాయి. హీటర్‌కు వేడినీటిని ఆపవలసిన వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే, కాయిల్ ఎంత చల్లగా ఉన్నా బయటికి వచ్చేది గోరువెచ్చని గాలే. ఇన్ని కారణాలుండగా గ్యాస్ తక్కువైందని భావించి మళ్లీ మళ్లీ గ్యాస్ ఎక్కించడం వల్ల పీడనం పెరిగి కంప్రెసర్ చెడడమే తప్ప ప్రయోజనం ఉండదు.

వ్యవస్థను ఒకసారి విప్పిన తరువాత డ్రైయర్‌ను తప్పక మార్చాలి. లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ రంధ్రం వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది, గ్యాస్‌తో కలిసి లోహాన్ని తినే ఆమ్లాలుగానూ మారుతుంది. అందుకే గ్యాస్ నింపే ముందు వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని తోడివేస్తారు. పీడనం తగ్గేకొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది కాబట్టి, 25 డిగ్రీల గదిలో లోపలి పీడనం సుమారు 24 మిల్లీమీటర్ల పాదరసం కంటే దిగువకు చేరితేనే నీరు మరిగి ఆవిరిగా బయటికి పోతుంది. ఈ దశలో తొందరపడినవారి పని మరుసటి వేసవికి మళ్లీ మొదటికే వస్తుంది.

అసలు చిక్కు గ్యాస్ దగ్గర వస్తుంది. ఈ కార్లన్నీ ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్‌కు రూపొందినవి. అటువంటి రసాయనాలు ఓజోన్ పొరను నశింపజేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించగా, 1987 మాంట్రియల్ ఒప్పందం వాటి తయారీకి గడువులు విధించింది. అమెరికాలో 1995 చివరికి, మన దేశం వంటి వర్ధమాన దేశాలలో 2010 నాటికి ఆ తయారీ ఆగింది. ప్రత్యామ్నాయంగా వచ్చిన ఆర్-134ఏలో క్లోరిన్ లేదు, కానీ పాత వ్యవస్థలోని మినరల్ ఆయిల్ దానిలో కలవదు. కలవని నూనె కంప్రెసర్‌కు తిరిగి రాక అది అరిగిపోతుంది కనుక ఎస్టర్ లేదా పీఏజీ నూనె వాడాలి. పాత రబ్బరు గొట్టాల గోడల్లోంచి కొత్త గ్యాస్ మరింత సులభంగా బయటపడుతుంది కనుక లోపల అడ్డుపొర ఉన్న గొట్టాలు వేయాలి.

ఇక్కడే 1960ల మధ్యలో జనరల్ మోటార్స్ ప్రవేశపెట్టిన పీఓఏ వాల్వ్‌ను పట్టించుకోవాలి. కూలింగ్ కాయిల్‌లోని పీడనం చదరపు అంగుళానికి సుమారు 29 పౌండ్ల కంటే దిగువకు పడిపోకుండా కాపాడడం దాని విధి. ఆర్-12 ఆ పీడనంలో దాదాపు సున్నా డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి కాయిల్ మంచుకట్టే అంచున ఆగుతుంది. ఆర్-134ఏ అదే ఉష్ణోగ్రతలో సుమారు 28 పౌండ్ల పీడనానికే మరుగుతుంది కాబట్టి, వాల్వ్‌ను ఒకటి రెండు పౌండ్లు తగ్గించి సరిచేయకపోతే కాయిల్ కొంత వెచ్చగానే ఉండిపోతుంది. కొత్త గ్యాస్ పాత కార్లకు పనికిరాదన్న అపవాదులో కొంత భాగం ఈ చిన్న సవరణను విస్మరించడం వల్ల వచ్చిందే. మిగిలిన భాగం కండెన్సర్‌ది: వేసవిలో కొత్త గ్యాస్ పీడనం సుమారు పది శాతం ఎక్కువగా ఉంటుంది, పాత కండెన్సర్ ఆ వేడిని వదలలేదు. గ్రిల్లు వెనక కనిపించకుండా కొత్త తరహా కండెన్సర్ బిగించడం వల్ల కారు ప్రాచీనతకు హాని లేదు. డాష్‌బోర్డులోని మీటలను, గాలి మూతులను తీసివేసి బజారు కిట్టు దిగవేయడం వల్ల మాత్రం తీరని హాని ఉంది.

వ్యవస్థ లీకేజీ లేకుండా నిలిచి, ధ్రువపత్రం ఉన్న మెకానిక్ ద్వారా ఆర్-12 న్యాయంగా దొరికితే దానినే కొనసాగించడం ఉత్తమం. లేనప్పుడు పైన చెప్పిన సవరణలన్నీ చేసి ఆర్-134ఏకు మారాలి. ఏ దారి ఎంచుకున్నా, పాత గ్యాస్‌ను గాలిలోకి వదలక రికవరీ యంత్రంతో పట్టించాలి, అమెరికాలో 1992 నుంచి చట్టం కోరుతున్నదీ అదే. గ్యాస్ మార్చినవారు ఏ గ్యాస్, ఎంత తూకం, ఏ నూనె, ఏ తేదీ అన్న వివరాలతో బానెట్ కింద చీటీ అంటించాలి. రెండు గ్యాసులు ఒకే వ్యవస్థలో కలిస్తే ఆ మిశ్రమాన్ని తిరిగి వాడుకోవడానికి వీలుండదు కాబట్టి, తరువాత ఆ కారు బానెట్ ఎత్తే మెకానిక్‌కు ఆ చీటీ అవసరం.