వెనకొచ్చిన చెవులు: స్టార్ ఫాక్స్ 2

ఒక కృతి ఎప్పుడు పూర్తయిందన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు వెలువడిందన్నది మరొక ప్రశ్న. తాళపత్ర ప్రతులతో పనిచేసే పరిష్కర్తలకు ఈ భేదం కొత్త కాదు. వీడియో గేముల చరిత్రకారులకు మాత్రం దీనితో పనిపడడం అరుదు. తయారైన ఆట సాధారణంగా వెంటనే అంగడికి వస్తుంది. మధ్యలో ఆగిపోయినది ఎన్నటికీ రాదు. నిన్‌టెండో వారి 'స్టార్ ఫాక్స్ 2' ఈ రెండు కోవలకూ చెందదు. తొంభైల నడుమ పూర్తయి, పక్కన పెట్టబడి, 2017 సెప్టెంబరులో విడుదలైన ఈ ఆటను ఏ కాలానికి చెందినదిగా చదవాలి? ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టే దాని విలువ మారుతుంది.

1993లో వచ్చిన మొదటి 'స్టార్ ఫాక్స్' ఒక సాంకేతిక సాహసం. త్రిమితీయ దృశ్యాలకోసం రూపొందని సూపర్ నిన్‌టెండో యంత్రం చేత ఆ పని చేయించడానికి, ఆట కార్ట్రిడ్జ్‌లోనే సూపర్ ఎఫ్‌ఎక్స్ అనే ప్రత్యేకమైన చిప్‌ను అమర్చారు. ఆ చిప్ బ్రిటన్‌కు చెందిన ఆర్గొనాట్ సంస్థ రూపకల్పన. ఆ సంస్థనుండి క్యోటో వెళ్ళి పనిచేసిన యువ ప్రోగ్రామర్లలో డిలన్ కత్‌బర్ట్ ఒకరు. రెండవ ఆటకు ఆయనే ప్రధాన ప్రోగ్రామర్. షిగెరు మియమొతో నిర్మాత. ఈసారి చిప్ కూడా దాదాపు రెట్టింపు వేగం గల కొత్త తరానిది. 1995 జనవరిలో లాస్ వేగస్ ప్రదర్శనలో ఆటను లోకానికి చూపారు కూడా.

అయితే అప్పటికే, 1994 చివరి రెండు నెలల్లో, సెగా సాటర్న్, సోనీ ప్లేస్టేషన్ జపాన్‌లో విడుదలై ఉన్నాయి. వాటి త్రిమితీయ దృశ్యాల పక్కన పాత యంత్రపు బోసి బహుభుజులు వెలవెలబోతాయన్న భయం సహజమే. పైగా నిన్‌టెండో 64 రాబోతోంది. పాత యంత్రపు త్రిమితికీ కొత్త యంత్రపు త్రిమితికీ నడుమ స్పష్టమైన గీత ఉండాలని మియమొతో భావించారని కత్‌బర్ట్ తరువాతి కాలంలో వివరించారు. కానీ ఆ కొత్త యంత్రం జపాన్‌లో 1996 జూన్‌కు గాని రాలేదు. ఆట విడుదలకు కావలసినంత వ్యవధి ఉండేదన్నది తరువాత తేలిన సంగతి.

'ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి' అని సామెత. ఇక్కడ లోకం ముందు కొమ్ములనే చూసింది. ఓడ అన్ని దిక్కులా స్వేచ్ఛగా తిరిగే రంగం, ప్రత్యర్థి దళమైన స్టార్ వుల్ఫ్ వంటివి మొదట ఈ ఆటకోసం తయారైనవే. 1997 నాటి 'స్టార్ ఫాక్స్ 64' వాటిని వాడుకుని పేరు తెచ్చుకుంది. నేలమీద నడిచే యంత్రంగా ఓడ మారిపోయే ఊహ 2016లో 'స్టార్ ఫాక్స్ జీరో'కు చేరింది. అందుకే 2017లో మొదటిసారి ఆడినవారికి మూలమే అనుకరణలా కనిపించే ప్రమాదం ఏర్పడింది. ప్రచురణ క్రమం వంశక్రమాన్ని తలకిందులు చేసింది.

మరి అంశాలన్నీ ఇతర ఆటల్లోకి వెళ్ళిపోయాక ఈ ఆటలో మిగిలినదేమిటి? నా దృష్టిలో అసలైనది మిగిలే ఉంది: కాలాన్ని అది వాడుకున్న తీరు. మొదటి ఆటలో ఓడ నిర్ణీతమైన దారివెంట ముందుకే పోతుంది. రెండవదానిలో మన ముందు ఒక పటం ఉంటుంది. ఒకవైపు కోర్నీరియా గ్రహం; మరోవైపు దానిమీదికి దూసుకొస్తున్న క్షిపణులు, యుద్ధనౌకలు, శత్రువు ఆక్రమించిన గ్రహాలు. ఒకచోట మనం పోరాడుతున్నంతసేపూ పటంమీద కాలం ఆగదు. కోర్నీరియాకు జరిగిన నష్టం 100 శాతానికి చేరితే ఆట ముగుస్తుంది. కనుక గురి తప్పకుండా కాల్చడం ఒక్కటే నైపుణ్యం కాదు. ఎక్కడికి వెళ్ళాలో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడికి వెళ్ళకుండా ఉండాలో తేల్చుకోవాలి. ఇక్కడ గెలిచిన ప్రతి పోరాటానికీ మరోచోట మూల్యం ఉంటుంది. 2006లో కత్‌బర్ట్ సంస్థ క్యూ-గేమ్స్ తయారుచేసిన 'స్టార్ ఫాక్స్ కమాండ్' ఈ పటాన్ని తీసుకుంది గాని, వంతులవారీ ఎత్తుగడగా మార్చింది. వంతులు వచ్చాక ఆలోచించుకునే తీరిక వచ్చింది. తీరిక వచ్చాక ఆ ఒత్తిడి పోయింది.

లోపాలు లేవని కాదు. దృశ్యాల కదలిక కుంటుతుంది. ఒక్కొక్క పోరాటం క్లుప్తం. అలవాటుపడిన ఆటగాడు గంటలోపే ముగింపు చూడగలడు. 'మరుగున పడిన మహాకావ్యం' అన్న అభిమానుల మాట అతిశయోక్తే. కానీ ఈ కదలికల కుంటుతనం 1995 నాటి యంత్రపు పరిమితి, పటంమీద పరుగెత్తే కాలం ఆనాటి రూపకర్తల ఊహ. మొదటిదాన్ని చూసి రెండవదాన్ని కూడా పాతదని లెక్కగట్టడమే ఆనాటి నిర్ణయంలోని పొరపాటు. యంత్రానికి వయసు మళ్ళినంత మాత్రాన దానిమీద రాసిన ఊహకు వయసు మళ్ళదు.

రెండు దశాబ్దాలపాటు ఈ ఆటను జనం నోట నిలిపినవి అనధికారికంగా బయటపడిన అసంపూర్ణ ప్రతులు. అభిమానులు వాటిని ఇంగ్లీషులోకి మార్చి, సరిదిద్ది ఆడుకున్నారు. చివరికి నిన్‌టెండో తన బుల్లి సూపర్ నిన్‌టెండో క్లాసిక్ యంత్రంలోని 21 ఆటల్లో ఒకటిగా పూర్తి ప్రతిని చేర్చింది. 2019లో స్విచ్ చందాదారులకూ అందించింది. క్లాసిక్ యంత్రంలో ఈ ఆట తెరుచుకోవాలంటే ముందు 1993 నాటి 'స్టార్ ఫాక్స్' మొదటి ఘట్టం పూర్తిచేయాలి. ఉద్దేశం ఏదైనా, అది సరైన పఠనక్రమం. మొదటిదాని వెంటనే రెండవదాన్ని ఆడినవారికే, నడుమనున్న రెండేళ్ళలో ఆ బృందం ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది.

పూర్తయిన పని అటకెక్కడం సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న మన పాఠకులలో చాలామందికి పరిచయమున్న సంగతే. అలాంటి నిర్ణయాలకు వ్యాపార కారణాలు ఉంటాయి. అవి కొన్నిసార్లు సబబైనవి కూడా. ఈ ఆట చరిత్ర చెప్పేది వేరు: పక్కన పెట్టిన పనిలోని భాగాలు ఏదో రకంగా బతికి వేరేచోట్ల పనికొస్తాయి, కానీ వాటిని కలిపి ఉంచిన కూర్పు అలా బతకదు. అది చూడాలంటే ఆ పని మొత్తంగా భద్రపడి ఉండాలి. 'స్టార్ ఫాక్స్ 2' విషయంలో అది భద్రపడింది కనుకనే ఈనాడు దాన్ని విమర్శించగలుగుతున్నాం.