చేప నెత్తురు – కొలతలు, పొరపాట్లు

చేప ఆరోగ్యస్థితిని దాని నెత్తురును బట్టి తెలుసుకోవచ్చును. అయితే చేప నెత్తురుపై వెలువడే వ్యాసాలలోను, విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలోను ఒక లోపం తరచు కనిపిస్తున్నది. హీమోగ్లోబిన్ ఇంత, గ్లూకోజు ఇంత అని పెద్ద పట్టిక ఉంటుంది. ఆ నెత్తురును ఎట్లు తీసినదీ ఒక్క వాక్యంలో ముగుస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ వాక్యమూ ఉండదు.

ఇది చిన్న లోపం కాదు. చేప వలలో పడి కొట్టుకొనగానే అడ్రినలిన్ రక్తంలో చేరుతుంది. ప్లీహం ముడుచుకొని తనలోని ఎర్రకణాలను బయటికి పంపుతుంది. కణాలు కొంత ఉబ్బుతాయి కూడ. అందుచేత రక్తంలో ఎర్రకణాల పాలు పెరిగినట్లు కనబడుతుంది. కొన్ని నిమిషాలకు కార్టిసాల్, ఆ పైన గ్లూకోజు హెచ్చుతాయి. కాబట్టి ఒకే వలలోని మొదటి చేపకు, పదవ చేపకు ఏ జబ్బూ లేకున్నా విలువలు వేరుగా రావచ్చును. బార్టన్, ఇవామా అను శాస్త్రజ్ఞులు 1991లో వ్రాసిన సమీక్షలో కలవరానికి ముందటి కార్టిసాల్ విలువలను, తరువాతి విలువలను విడివిడిగా చూపారు. మన పట్టికలలో లోపించినది ఈ విచక్షణయే.

నెత్తురు తీసే విధానమూ ముఖ్యమే. తోక కోసి పట్టిన నెత్తురులో కణజాలపు ద్రవం కలుస్తుంది. వెన్నెముక క్రింద ఉన్న తోకసిర నుండి సూదితో తీయడం మేలు. గడ్డకట్టకుండ కలిపే ఇ.డి.టి.ఎ. కాల్షియంను బంధిస్తుంది గనుక ఆ నమూనాలో కాల్షియం కొలవరాదు. కణాలు చితికితే పొటాషియం ఎక్కువగా తేలుతుంది.

శింగనమల చెరువునే ఉదాహరణగా తీసుకొందాము. వేసవిలో నీరు తగ్గి బొచ్చెలు, శీలావతులు నీరసించినవనుకొందాము. వల లాగి, చేపలను గట్టున పడవేసి, తీరికగా నెత్తురు తీసి, గ్లూకోజు ఎక్కువగా ఉన్నది గనుక నీరు చెడినదని ఎవరైనా తేల్చితే, ఆ కొలత చెరువును గూర్చి చెప్పినదా, వలను గూర్చి చెప్పినదా? ఆ మాట నమ్మి చేపలను అయినకాడికి అమ్ముకొంటే నష్టపోయేది వాటిపై బ్రతికే కుటుంబాలు.

అన్ని చేపలనూ ఒకే తీరున పట్టితిమి గనుక పోలికకు దోషం లేదని కొందరు వాదిస్తారు. ఇందులో కొంత నిజమున్నది. కాని అప్పటికే నీరసించిన చేప, ఆరోగ్యంగా ఉన్న చేప ఒకే వలకు ఒకే విధంగా కలవరపడుతాయని చెప్పలేము.

కనుక పట్టిన పద్ధతి, నెత్తురు తీసేవరకు గడచిన నిమిషాలు, మత్తుమందు, సూది గుచ్చిన చోటు, కలిపిన మందు – ఈ ఐదింటిని ప్రతి నివేదికలోను వ్రాయించవలెను. ఉపాధ్యాయులు విద్యార్థిని విలువలు అడుగుటకు ముందు వీటినే అడగడం మంచిది.