అమ్మకుండా ఉంచుకున్న పొట్టేలు

తమిళనాడులోని గుడియాత్తం చుట్టుపక్కల మాంసం కోసమే పెంచే ఆవుల మంద ఒక్కటి కూడా నేను చూడలేదు. అలాగని ఇక్కడ గొడ్డుమాంసానికి కరువేమీ లేదు. ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు వీధుల్లో బీఫ్ బిర్యానీ డేగిసాలు పొద్దున్నే పొయ్యి ఎక్కుతాయి. ఆ మాంసం మాత్రం పాడి నుంచి, సేద్యం నుంచి మిగిలిపోయి వస్తుంది: ఈతలు ఆగిన ఆవు, కాలు చెడిన ఎద్దు. తమిళనాడులో 1958 నాటి పశుసంరక్షణ చట్టం కూడా పదేళ్లు దాటి పనికీ సంతానానికీ కొరగాదని, లేదా గాయం వల్లో జబ్బు వల్లో శాశ్వతంగా చెడిందని ధ్రువపత్రం ఉన్న పశువునే కోతకు ఒప్పుకుంటుంది. కాబట్టి ఆ పశువు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏడాది వయసులో ఎంత తూగింది అని అడిగినవాడు లేడు.

అంతమాత్రాన పశువును ఎంచడంలో మనవాళ్ల కన్ను తక్కువదని అంటే ఒప్పుకోను. అలా అనేవాళ్లను ఓ మంగళవారం పొయిగై సంతకు రమ్మంటాను. వేలూరు నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద ఉంది ఆ ఊరు. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు నుంచి మనవాళ్లు, కృష్ణగిరి, తిరుపత్తూరు నుంచి వాళ్లు, కర్ణాటక నుంచి ఇంకొందరు. తెలుగు, తమిళం, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకే బేరంలో దొర్లుతుంటాయి. ధర మాత్రం ఏ భాషలోనూ బయటికి రాదు. తుండుగుడ్డ కింద ఇద్దరి వేళ్లూ తేల్చుకుంటాయి. పక్కన నిలబడ్డవాడికి ఇద్దరి మొహాలే దిక్కు, ఆ మొహాలూ ఏమీ చెప్పవు.

మా మేనమామది పరదరామి దారిలో ఊరు. నాలుగు ఆవులు, ఓ గొర్రెల మంద. సంతలో ఆయన వెనక తిరగడం నాకు సినిమా కంటే సరదా. కోడె దగ్గరికి నేరుగా వెళ్లడు. దూరంగా నిలబడి, అది తన కోసం కాదన్నట్టు పక్కకు చూస్తూ, దాని నడకను గమనిస్తాడు. వెనక గిట్ట ముందు గిట్ట వేసిన అచ్చులో పడాలి. చాలా ముందే ఆగిపోతే భుజంలోనో తుంటిలోనో ఏదో ఉంది. ఆ తర్వాతే పళ్లు. పాలపళ్లు ఊడి మొదటి జత వచ్చిందంటే మన నాటు పశువుకు రెండు రెండున్నరేళ్లు. ఎనిమిదీ వచ్చి నోరు నిండేసరికి నాలుగు దాటి ఐదుకు దగ్గర. "చెప్పే వయసు నోటితో చెప్తాడు అల్లుడా, ఉండే వయసు దాని నోట్లో ఉంటాది" అంటాడు. పళ్లయ్యాక గంగడోలు పట్టుకొని చర్మం ఎంత వదులుగా ఉందో లాగి చూస్తాడు. చివరికి సుళ్లు.

సుళ్ల దగ్గర నేను చాలాకాలం నవ్వుకునేవాణ్ని. నుదుటి మీద వెంట్రుకలు ఎటు తిరిగితే ఏముందని. అయితే అమెరికాలో పశువుల నడవడి మీద పనిచేసే టెంపుల్ గ్రాండిన్, ఆమె సహచరులు 1995లో ఓ అధ్యయనం ప్రచురించారు. నుదుటి సుడి కళ్ల వరస కంటే పైన ఉన్న పశువులు, కింద ఉన్నవాటికంటే కట్టేసినప్పుడు ఎక్కువ బెదిరిపోయాయట. మామ లెక్కల్లో యజమానిని మింగే సుడి, ఇల్లు నిలబెట్టే సుడి ఉంటాయి. వాటికి గ్రాండిన్ పూచీ పడలేదు. కానీ సుడిని చూసి బెదిరే పశువును పసిగట్టవచ్చన్న మాట వట్టి చాదస్తం కాదని తేలాక నవ్వడం మానేశాను.

ఇంత కన్ను ఉండి కూడా, ఆ సంతలో మందకు తండ్రి కాగల కోడెను ఎంచడం కుదరదు. కారణం చిన్నది: సంతలో తల్లి ఉండదు. ఆ కోడె తల్లి ఏటా ఈనుతుందా, రెండేళ్లకోసారా? దూడ పుట్టగానే తనంతట తాను చన్ను అందుకుందా, మనిషి వంగి పట్టించాల్సి వచ్చిందా? పాల కోసం చూసేవాడికి పెద్ద పొదుగు, లావు చన్నులు ముద్దు. మాంసం మంద నడిపేవాడికి అవే నష్టం. బీడులో ఒంటరిగా ఈనిన ఆవు చన్ను సీసా అంత ఉంటే పుట్టిన దూడ నోట పట్టదు, జున్నుపాలు అందక మొదటి రోజే పోతుంది. ఆ దూడ పోయిన సంగతి అమ్మకానికి వచ్చిన అన్న కోడె ఒంటి మీద ఎక్కడా రాసి ఉండదు.

మాంసం మందలు నడిపే దేశాల్లో కోడెను వెనక నుంచి చూడటం మొదలుపెడతారు. వృషణాలు రెండూ సమంగా ఉన్నాయా అని చూసి, టేపుతో చుట్టుకొలత తీస్తారు. చుట్టుకొలత పెద్దదైన కోడెకు పుట్టే పెయ్యలు త్వరగా ఎదకు వస్తాయని అనుభవం, పరిశోధన రెండూ చెబుతున్నాయి. శరీరపు ఎదుగుదల తండ్రి నుంచి పిల్లకు బాగానే దిగుతుంది. ఏటా ఈనే గుణం అంత సులువుగా దిగదు, అందుకే దాన్ని ఎంపికతో కాకుండా ఏరివేతతో సాధిస్తారు: ఆ ఏడు చూలు కట్టని ఆవు, ఎంత అందంగా ఉన్నా, లారీ ఎక్కాల్సిందే. ఒక్క కోడె ఒక కాలంలో పాతిక ముప్పై ఆవులకు తండ్రి అవుతుంది. ఆవును తప్పుగా ఎంచుకుంటే ఏడాదికి ఒక దూడ తేడా, కోడెను తప్పుగా ఎంచుకుంటే ఆ ఏటి దూడలన్నీ తేడా.

ఇలా ఎంచి పెంచిన మందల్లో లోకంలోకెల్లా పెద్దది మన పశువుదే. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి. అక్కడి మాంసం మందల్లో అత్యధికం నెలోరే జాతివి, అంటే మన ఒంగోలు గిత్త సంతానం. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరుతోనే పశువు ఓడ ఎక్కింది. పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన ఆ ప్రయాణం కష్టాలు లేకుండా సాగలేదు. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్‌కు పోతూ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగిన మూపురపు పశువుల వల్ల రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి అక్కడ అంటుకుంది. ఆ దెబ్బకే దేశాలన్నీ కూడి 1924లో పారిస్‌లో పశు ఆరోగ్యానికి అంతర్జాతీయ సంస్థ పెట్టుకున్నాయి. ఆఖరి పెద్ద విడత 1960ల తొలినాళ్లలో వెళ్లింది. అందులో ఒంగోలు పక్కనే ఉన్న కరవది గ్రామపు కోడె ఒకటి. బ్రెజిల్ వంశావళి పుస్తకాల్లో దాని పేరు ఊరి పేరే: కర్వాది. అక్కడే గోదావరి, ఆకాశము, చేకూరుపాడు అనే పేర్లూ కనిపిస్తాయి. నేటి నెలోరే పశువుల పూర్వీకుల పట్టికలు తిరగేస్తుంటే ప్రకాశం జిల్లా బస్సు బోర్డు చదువుతున్నట్టుంటుంది.

కరవదిలో ఆ కోడెను ఎంచిన కన్ను మనదే. ఆ గిత్తను అంతదాకా తెచ్చిన రైతులూ మనవాళ్లే. బ్రెజిల్ వెళ్లాక జరిగింది వేరు. ఉబెరాబా పట్నంలో మూపురపు జాతుల పెంపకందారుల సంఘం 1938 నుంచి వంశావళి నమోదు చేస్తోంది. దూడల్ని 120, 210, 365, 450 రోజుల వయసుల్లో తూచి రాస్తారు. ఏ కోడె దూడలు అదే గడ్డి తిని తోటి దూడల కంటే బరువు తూగాయో ఆ కోడె నిలుస్తుంది, మూపురం ఎంత ఠీవిగా ఉన్నా దూడలు తూగని కోడె పోతుంది. 2023లో వియాటినా-19 అనే నెలోరే ఆవులో మూడో వంతు వాటా వేలంలో అమ్ముడైంది. ఆ ధరను బట్టి ఆవు మొత్తం విలువ సుమారు 43 లక్షల డాలర్లు. బరువు 1,101 కిలోలు. ఆ డబ్బు మాంసానికి పెట్టింది కాదు, ఆ ఆవు కడుపున పుట్టబోయే వాటికి.

ఇక్కడ సంతానం కోసం కోడెను ఉంచుకునే అలవాటు అసలు లేకపోలేదు. ఊరి పేర వదిలిన ఆంబోతు ఒకప్పుడు ఊరి ఆవులన్నిటికీ దిక్కు. అవిటి దూడను ఎవరూ దేవుడికి వదిలేవారు కాదు. వేలూరు, తిరుపత్తూరు జిల్లాల్లో సంక్రాంతి మొదలు మార్చి దాకా జరిగే ఎద్దుల పరుగు పండగలు ఇంకో రకం ఎంపిక. వీధి ఈ చివర వదిలిన కోడె ఆ చివరకు ఎన్ని సెకన్లలో చేరిందన్నదే లెక్క. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, దానితోపాటు ఈ పరుగుల్నీ ఆపినప్పుడు, పండగ లేకపోతే కోడెను మేపేవాడెవడు అని ఇక్కడి రైతులు అడిగిన ప్రశ్నలో నిజముంది. 2017లో రాష్ట్రం చట్టం మార్చింది, 2023లో కోర్టు ఒప్పుకుంది. అయితే ఆ సెకన్లు పరుగును ఎంచుతాయి, కండను కాదు. కొండెక్కితే అటు పుంగనూరు. అక్కడి పొట్టి ఆవుకు ఎత్తు ఎంత తగ్గితే ధర అంత పెరుగుతోంది. గడ్డి తక్కువ తిని బతకడం దాని అసలు గుణం. దాన్ని వదిలేసి ఫొటోకు ముద్దుగా ఉండటాన్ని ఎంచుతున్నాం. ఇది నాకు నచ్చని సంగతి, ఇక్కడితో వదిలేస్తాను.

నిజంగా మాంసం కోసమే నడిచే మంద మా వైపు గొర్రెలదే. అక్కడ ఎంపిక తలకిందులుగా జరుగుతుంది. బక్రీద్‌కు రెండు నెలల ముందు నుంచే వ్యాపారులు ఊళ్లమీద పడతారు. వాళ్ల కన్ను పొరబడదు. మందలో అన్నిటికంటే ముందు పుట్టి, అన్నిటికంటే ఎత్తెదిగి, వీపు వెడల్పుగా ఉన్న పొట్టేలు మొదట పోతుంది. తర్వాత రెండోది, మూడోది. పండగ అయ్యాక మందలో మిగిలేది అందరూ వద్దన్నది. ఆ ఏడు గొర్రెలన్నిటికీ అదే తండ్రి. కొన్నాళ్లకు తన కూతుళ్లకూ అదే తండ్రి అవుతుంది. పిల్లలు నానాటికీ చిన్నబోతున్నాయని, మేత తగ్గిందని, వానలు లేవని కాపరులు అంటారు. మేత తగ్గిన మాట నిజమే. ఏటా మంచివాటిని వడగట్టి బయటికి పంపడం కూడా నిజం.

నా పోరు పడలేక మామ ఓ నోటుపుస్తకం పెట్టాడు. గొర్రెల్ని తూచే కాటా లేదు, టేపుతోనే పని. అంగుళాల్లో ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని భుజం మొన నుంచి తుంటి చివరి దాకా ఉన్న పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఆవుకైనా గొర్రెకైనా ఉజ్జాయింపుకు సరిపోతుంది. ఏ పిల్ల ఏ తల్లిదో చెవికి రంగు దారం కట్టి గుర్తుపెట్టుకున్నాడు. మందలో ఏటా తప్పకుండా ఈని, పిల్లను దిట్టంగా పెంచే గొర్రె ఒకటుంది. పుస్తకం ప్రకారం తేలిన మొనగాడు దాని పొట్టేలు. బక్రీద్ వ్యాపారి వచ్చి నేరుగా దాని మీదే చెయ్యి వేశాడు. పుస్తకం లేకుండానే.

మామ అమ్మలేదు. వ్యాపారి మూడుసార్లు ధర పెంచాడు, రెండోదాన్ని తీసుకొని పోయాడు. ఉబెరాబాలో అయితే మంచి తండ్రి అన్న గుణానికే వేలంలో డబ్బు వస్తుంది, దాన్ని ఉంచుకున్న ఖర్చు కొనేవాడు భరిస్తాడు. పొయిగైలో అలాంటి కొనుగోలుదారు లేడు, పొట్టేలుకు కిలో లెక్కే. పక్క ఊరి కాపరిని ఒకణ్ని మామ అడిగి చూశాడు: నీ గొర్రెల్ని దీనితో దాటించుకో, ఎంతో కొంత ఇవ్వు అని. అతను నవ్వి, "దీనికి గూడా దుడ్డడగతావా అన్నా, మేపుకుంటా నా మందలోకి తోలు, చాలు" అన్నాడు.

మా అత్త లెక్క ఇంకా సూటిగా ఉంది. జూన్‌లో పిల్లల కాలేజీ ఫీజు ఆ పొట్టేలు మీదే పెట్టుకుంది. "వచ్చే ఏడు దాని పిల్లలు బరువు తూగుతాయని మీ మామ పుస్తకంలో రాసిపెట్నాడు గదా నాయనా," అంది నాతో, "ఆ పుస్తకం కాలేజీలో ఇస్తే రసీదు రాసిస్తారేమో అడుగు."